బడ్జెట్ గేమింగ్ పీసీకి మదర్‌బోర్డు: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆగాలి

మదర్‌బోర్డు ఎఫ్‌పీఎస్ (సెకనుకి స్క్రీన్ మీద మారే బొమ్మల సంఖ్య) పెంచదు. ఈ ఒక్క మాట ముందే మనసులో పెట్టుకుంటే చాలా డబ్బు మిగులుతుంది. అదే ప్రాసెసర్, అదే గ్రాఫిక్స్ కార్డు, అదే ర్యామ్ తీసుకుని ఒకసారి ఎనిమిది వేల బోర్డులో, ఇంకోసారి ముప్పై వేల బోర్డులో పెట్టి ఆడితే స్క్రీన్ మీద చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించదు. కానీ తప్పు బోర్డు కొంటే మాత్రం ఎఫ్‌పీఎస్ కచ్చితంగా తగ్గుతుంది, డబ్బు పోసి కొన్న ర్యామ్ దాని వేగంలో నడవదు, రెండేళ్ల తర్వాత ప్రాసెసర్ మారుద్దామంటే బోర్డుతో సహా మార్చాల్సి వస్తుంది. అంటే మరీ చవక బోర్డుకి దిగినా నష్టమే, అవసరానికి మించిన బోర్డు కొన్నా ఆ డబ్బు గ్రాఫిక్స్ కార్డులోంచి కోసుకున్నట్టే. మధ్యలో మనకి కావాల్సింది ఎక్కడ ఉంటుందో, దాన్ని ఎలా గుర్తుపట్టాలో చెప్తాను.

నా లెక్క ఇది: మొత్తం బడ్జెట్‌లో బోర్డుకి 12 నుంచి 15 శాతం. 70 వేల బిల్డ్ అయితే బోర్డు పది వేల దాకా. అంతకంటే ఎక్కువ పెట్టాలనిపిస్తే ఆ తేడాతో ఒక మెట్టు పై గ్రాఫిక్స్ కార్డు వస్తుందేమో చూసుకోండి, దాదాపు ప్రతిసారీ అదే మేలు.

ముందు ప్రాసెసర్, తర్వాతే బోర్డు

షాపుకెళ్లి "మంచి మదర్‌బోర్డు చూపించండి" అని అడిగితే వాళ్ల దగ్గర స్టాక్ ఎక్కువ ఉన్నదే చూపిస్తారు. బోర్డు దేనికి మంచిదో ప్రాసెసర్ తేలాకే తెలుస్తుంది. కొత్తగా కట్టేవాళ్లకి ఈ బడ్జెట్‌లో మూడు దారులున్నాయి.

మొదటిది ఏఎండీ ఏఎం4. 2017లో వచ్చిన మొదటి రైజెన్ ప్రాసెసర్ల నుంచి ఇదే సాకెట్, అంటే ప్రాసెసర్ కూర్చునే గూడు. ర్యామ్ డీడీఆర్4, అంటే పాత తరం రకం; కొత్తది డీడీఆర్5. ఇందులో ఇప్పటికీ బడ్జెట్‌కి సరిపోయే ప్రాసెసర్ 2022లో వచ్చిన రైజెన్ 5 5600. కొత్త తరాలన్నీ ఏఎం5కి వెళ్లిపోయాయి కాబట్టి ఇక్కడ ముందుకు పెద్దగా దారి లేదు, ఇది తెలిసే కొనాలి. అయినా నేను దీన్ని కొట్టిపారేయను. 2025 చివర్లో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి, కొత్త బిల్డ్‌లో ర్యామ్ ఖర్చే చాలామందిని వెనక్కి లాగుతోంది. మీ ఇంట్లోనో కజిన్ దగ్గరో పాత పీసీలోంచి తీసిన డీడీఆర్4 స్టిక్కులు రెండు ఉంటే ఏఎం4 బోర్డు పెట్టి, మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టడం తెలివైన పని.

రెండోది ఇంటెల్ ఎల్‌జీఏ1700, అంటే 12, 13, 14 తరాలు. ఐ5 12400ఎఫ్ ఇప్పటికీ గేమింగ్‌కి గట్టి ప్రాసెసరే. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఇదే సాకెట్‌కి డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. చాలా కంపెనీలు డీడీఆర్4 బోర్డు పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో పెడతాయి, అలాగని పేరును నమ్మి కూర్చోవద్దు, కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ పేజీ తెరిచి చూడండి. రెండు రకాల స్టిక్కులకీ గాడి వేరే చోట ఉంటుంది, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. ఈ సాకెట్ కథ కూడా ముగిసింది, 2024 అక్టోబర్‌లో ఇంటెల్ ఎల్‌జీఏ1851కి మారిపోయింది.

మూడోది ఏఎం5. 2022 సెప్టెంబర్‌లో మొదలైంది, డీడీఆర్5 మాత్రమే. 2027 దాకా, ఆ తర్వాత కూడా ఈ సాకెట్‌కి సపోర్ట్ ఇస్తామని ఏఎండీ చెప్పింది. ర్యామ్‌తో సహా అన్నీ కొత్తగా కొనేవాళ్లు, ఏమాత్రం వీలున్నా, ఇటే రండి. ఇప్పుడు 7500ఎఫ్ లాంటిది పెట్టుకుని, మూడేళ్ల తర్వాత అదే బోర్డులో ఎక్స్3డీ రకం (అదనపు క్యాష్ మెమరీ ఉన్న, గేములకి వేగమైన) ప్రాసెసర్ ఒకటి దింపుకోవచ్చు. ఏఎం4లో సరిగ్గా ఇదే జరిగింది. 2017 నాటి బోర్డుల్లో చాలావాటికి బయాస్ (బోర్డుని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ వచ్చి 2022లో 5800ఎక్స్3డీ కూడా నడిచింది. ఐదేళ్ల పాటు బోర్డు మార్చనక్కర్లేకపోవడం బడ్జెట్ మనిషికి మామూలు విషయం కాదు.

చిప్‌సెట్ దగ్గర మోసపోవద్దు

చిప్‌సెట్ అంటే బోర్డు ఏమేం చేయగలదో నిర్ణయించే చిప్పు, ఏఎం4లో ఏ520, బీ450, బీ550 అని మూడు రకాలు కనిపిస్తాయి. ధరలో తేడా తక్కువ, పనిలో తేడా ఉంది. ఏ520లోనూ బీ450లోనూ గ్రాఫిక్స్ స్లాట్ పీసీఐఈ (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా దారి) 3.0. బీ550లో 4.0. "గ్రాఫిక్స్ కార్డుకి 3.0 చాలదా" అని అడుగుతారు. పదహారు లేన్లు (డేటా వెళ్లే వరసలు) వాడే కార్డుకి చాలు. కానీ బడ్జెట్ కార్డుల్లో ఎక్కువ భాగం పదహారు వాడవు. ఆర్ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060, ఇవన్నీ ఎనిమిది లేన్ల కార్డులే. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి మరీ నాలుగే. వీటిని 3.0 బోర్డులో పెడితే దారి సగానికి సగం ఇరుకవుతుంది. 6600కి పెద్దగా నష్టం ఉండదు. 6500 ఎక్స్‌టీకి మాత్రం గట్టి దెబ్బే, ఎందుకంటే దాని 4 జీబీ మెమరీ నిండగానే టెక్స్చర్లు సిస్టమ్ ర్యామ్ నుంచి ఆ నాలుగు లేన్ల మీదుగా రావాలి, అక్కడే గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. 8 జీబీ కార్డుల్లో కూడా కొత్త గేములు హై సెట్టింగ్స్‌లో పెట్టి మెమరీ నింపేస్తే ఇదే గొడవ కాస్త చిన్న స్థాయిలో కనిపిస్తుంది. అందుకే ఏఎం4 అయితే బీ550 అడగండి. వెయ్యి రూపాయల తేడాకి బీ450 తీసుకోవద్దు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 5600జీ, 5500 ప్రాసెసర్లు తమంతట తామే పీసీఐఈ 3.0వి. వీటిని బీ550లో పెట్టినా 4.0 రాదు. ఏఎం5లో 8500జీ అయితే గ్రాఫిక్స్ స్లాట్‌కి నాలుగు లేన్లే ఇస్తుంది. "ఇప్పుడు లోపలి గ్రాఫిక్స్‌తో ఆడుకుంటా, ఆరు నెలల తర్వాత కార్డు కొంటా" అని ప్లాన్ వేసుకున్నవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి. ఆ ప్లాన్ అయితే ఏఎం5లో 7600 తీసుకోవడం నయం, దాని లోపలి గ్రాఫిక్స్ గేములకి చాలదు గానీ కార్డు వచ్చేదాకా డిస్‌ప్లే వస్తుంది, కార్డు వచ్చాక లేన్లు పూర్తిగా దొరుకుతాయి.

ఇంటెల్‌లో హెచ్610, బీ760. హెచ్610 అంటే అడుగు రకం. ర్యామ్‌ని దాని మామూలు వేగం దాటి నడపనివ్వదు, అంటే 3600 డీడీఆర్4 కిట్ కొన్నా 3200 దగ్గరే ఆగిపోతుంది. మొత్తం రెండే ర్యామ్ స్లాట్లు. ప్రాసెసర్ నుంచి నేరుగా ఎస్ఎస్‌డీకి వెళ్లే ఎం.2 స్లాట్ ఉండదు, చిప్‌సెట్ ద్వారా వచ్చే 3.0 స్లాటే ఉంటుంది. ఇవన్నీ చదివి భయపడక్కర్లేదు, 12400ఎఫ్‌తో ఆగిపోయేవాళ్లకి మంచి కంపెనీ హెచ్610 బోర్డు నిజంగా చాలు. ముందు ముందు సెకండ్ హ్యాండ్‌లో ఐ7 దొరికితే వేసుకుంటా అనుకునేవాళ్లు మాత్రం బీ760కి వెళ్లాలి. ఖరీదైన జెడ్ సిరీస్ చిప్‌సెట్ల జోలికి మన బడ్జెట్‌లో వెళ్లనే వద్దు.

ఏఎం5లో ఏ620 చవక. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (మామూలు వేగం దాటి నడపడం) ఉండదు, కానీ ర్యామ్‌కి ఎక్స్‌పో (ర్యామ్‌ని డబ్బా మీది వేగంలో నడిపే బయాస్ సెట్టింగ్) పనిచేస్తుంది, గ్రాఫిక్స్ స్లాట్ 4.0. 65 వాట్ల ప్రాసెసర్‌కి బాగానే సరిపోతుంది. నేనైతే రెండు వేలు ఎక్కువైనా బీ650 మైక్రో ఏటీఎక్స్ (చిన్న సైజు) బోర్డే చెప్తాను. దానికి కారణం చిప్‌సెట్ కంటే కూడా ఆ బోర్డు మీద ఉండే కరెంటు సరంజామా.

వీఆర్ఎం, మన ఎండలు

ప్రాసెసర్ సాకెట్ చుట్టూ, ముఖ్యంగా ఎడమ పక్కన, పైన, చిన్న చిన్న నల్ల చదరపు ముక్కలు, వాటి పక్కన బూడిద రంగు డబ్బాలు వరసగా ఉంటాయి. అదే వీఆర్ఎం. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కి కావాల్సిన ఒక వోల్టు చుట్టుపక్కలకి దించేది ఇదే. పని పెరిగేకొద్దీ ఇవి వేడెక్కుతాయి. మరీ వేడెక్కితే బోర్డు ప్రాసెసర్ వేగాన్ని తగ్గించి తనను తాను కాపాడుకుంటుంది. గేమ్ గంటసేపు బాగా ఆడి ఆ తర్వాత ఉన్నట్టుండి కుదుపులు మొదలైతే చూడాల్సిన వాటిలో ఇదొకటి.

యూట్యూబ్‌లో విదేశీ రివ్యూలు చూసి "ఈ చవక బోర్డు కూడా పాసైంది" అనుకుంటాం. వాళ్లు పరీక్షించేది ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదిలో. మే నెలలో ఖమ్మంలోనో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం పూట ఎంత ఉంటుందో మనకి తెలుసు, గదిలోనే 38, 40. వాళ్ల గదిలో 85 డిగ్రీలు చూపించిన వీఆర్ఎం మన గదిలో నూరు దాటుతుంది. అందుకే ఏసీ లేని గదిలో వాడేవాళ్లకి నేను ఒక నియమం గట్టిగా చెప్తాను: వీఆర్ఎం మీద హీట్‌సింక్ లేని బోర్డు కొనొద్దు. కనీసం ఎడమ పక్క వరస మీదన్నా అల్యూమినియం దిమ్మ ఒకటి ఉండాలి, అది స్క్రూలతో బిగించి ఉంటే ఇంకా మంచిది. ఫేజులు (వీఆర్ఎంలో కరెంటు పంచుకునే భాగాలు) ఎన్ని అని డబ్బా మీద రాసే 8+2, 6+2 అంకెల్ని పక్క పక్కన పెట్టి పోల్చొద్దు, వేర్వేరు కంపెనీలు వేర్వేరుగా లెక్కేస్తాయి. హీట్‌సింక్ బరువు, మీ ప్రాసెసర్ వాటేజీ, ఈ రెండూ చూస్తే చాలు. 5600, 7500ఎఫ్, 12400ఎఫ్ లాంటి ఆరు కోర్ల ప్రాసెసర్లు తక్కువే తాగుతాయి. 12400ఎఫ్ గరిష్ఠంగా 117 వాట్లు. ఐ7, రైజెన్ 9 పెట్టే ఆలోచన ఉంటేనే ఇంకా పై బోర్డు చూడండి.

క్యాబినెట్‌లో వెనక ఫ్యాన్ ఒకటి తప్పకుండా పెట్టండి, వీఆర్ఎం పక్కనుంచే గాలి బయటికి లాగుతుంది. ఖర్చు కొన్ని వందలే.

ర్యామ్ స్లాట్లు నాలుగు కావాలా

ఏఎం5లో అయితే అక్కర్లేదు. నాలుగు స్టిక్కులు పెడితే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600కి పడిపోతుంది, రెండు స్టిక్కులతో 6000 హాయిగా నడుస్తుంది. గేమింగ్‌కి రెండు స్టిక్కులే ఎప్పటికీ మేలు కాబట్టి రెండు స్లాట్ల బోర్డు చూసి చిన్నచూపు వద్దు. రెండు 16లు పెట్టగలిగితే పెట్టండి. ఇప్పటి ధరలకి అది కుదరకపోతే ఒక 16 స్టిక్ పెట్టి, తర్వాత సరిగ్గా అదే మోడల్ ఇంకోటి కొనండి. ఆ మధ్యలో సింగిల్ ఛానెల్ (ర్యామ్‌కి ఒకే దారి) వల్ల ఎఫ్‌పీఎస్ కొంత తగ్గుతుంది, తెలిసి చేస్తున్నదే కాబట్టి పర్లేదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులు పెట్టేటప్పుడు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాట్, నాలుగో స్లాట్. పక్కపక్కన పెట్టొద్దు.

వైఫై విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. లాన్ వైరు గదికి వస్తే వైఫై లేని బోర్డు కొనండి, రాకపోతే వైఫై ఉన్నది కొనండి, ఆన్‌లైన్ గేములకి చవక యూఎస్‌బీ డాంగిల్ నమ్ముకోవద్దు. ఆడియో చిప్ గురించి పట్టించుకోవద్దు. లైట్ల కోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు, కానీ ఫ్యాన్లకి లైట్లు ఉంటే కనెక్టర్ చూడండి: మూడు పిన్నులది 5 వోల్టులు, నాలుగు పిన్నులది 12 వోల్టులు. 5 వోల్టుల స్ట్రిప్‌ని 12లోకి తోస్తే కాలిపోతుంది.

సైజు: మైక్రో ఏటీఎక్స్ చాలు, 24.4 సెంటీమీటర్ల చదరం. అదే పనిచేసే పెద్ద ఏటీఎక్స్ బోర్డు ధర ఎక్కువ. మినీ ఐటీఎక్స్ చిన్నది కదా చవకేమో అనుకోవద్దు, అది ఇంకా ఖరీదు.

పదిహేను వేల ఐ7 గేమింగ్ పీసీ

ఆన్‌లైన్‌లో, కొన్ని షాపుల్లో, "ఐ7 గేమింగ్ పీసీ 15 వేలే" అని కనిపిస్తుంది. లోపల ఉండేది హెచ్61 లేదా హెచ్81 చిప్‌సెట్‌తో కొత్తగా తయారుచేసిన బోర్డు, దాని మీద పదేళ్లు దాటిన మూడో తరం లేదా నాలుగో తరం ప్రాసెసర్. ఇంట్లో పిల్లాడు గేమింగ్ పీసీ కావాలన్నాడని తండ్రులు అప్పు చేసి ఇలాంటివి కొనడం చూస్తే బాధేస్తుంది. మూడో తరంలో ఏవీఎక్స్2 (ప్రాసెసర్ లోపలి ఒక ఆదేశాల సెట్) లేదు, కొత్త గేముల్లో కొన్ని అది లేకపోతే తెరుచుకోనే తెరుచుకోవు. విండోస్ 11కి అధికారికంగా ఎనిమిదో తరం నుంచే సపోర్ట్, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. వాలరెంట్ లాంటి గేములు విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు అడుగుతాయి, ఈ బోర్డుల్లో టీపీఎం 2.0 దొరకదు. బడ్జెట్ నిజంగా అంతే అయితే ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ పీసీల్లో ఎనిమిదో తరం లేదా ఆపైది వెతకండి. ఈ బోర్డుల వైపు మాత్రం వెళ్లొద్దు.

కొనే ముందు బయాస్ లెక్క

బోర్డు ఖరారు చేసుకున్నాక కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేజీకి వెళ్లి సపోర్ట్, అందులో సీపీయూ సపోర్ట్ లిస్ట్ తెరవండి. మీ ప్రాసెసర్ పేరు ఎదురుగా ఒక బయాస్ వెర్షన్ నంబర్ ఉంటుంది. దానికంటే పాత బయాస్‌తో ఉన్న బోర్డు మీ చేతికొస్తే ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ నల్లగానే ఉంటుంది. గోడౌన్‌లో ఏడాది పడి ఉన్న డబ్బాలకి ఇది మామూలే. ముఖ్యంగా బీ450 మీద 5600 పెట్టేటప్పుడు, బీ650 మీద 9000 సిరీస్ పెట్టేటప్పుడు. బోర్డు వెనక బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయొచ్చు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్ పేరు కంపెనీ చెప్పినట్టు మార్చాలి. ఆ బటన్ లేకపోతే షాపులోనే అప్‌డేట్ చేసి ఇమ్మనండి, తెలిసిన షాపైతే చేసిస్తారు. ఇంట్లో చేస్తే యూపీఎస్ మీద చేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు చచ్చిపోవచ్చు.

గిగాబైట్ బోర్డులైతే ఒకటే పేరుతో రెవ్ 1.0, రెవ్ 1.1 అని రకాలుంటాయి, లోపలి సామాను, బయాస్ ఫైలు వేరుగా ఉండొచ్చు. నంబరు బోర్డు మూల మీద ముద్రించి ఉంటుంది, చూసి సరైన పేజీ తెరవండి.

కౌంటర్ దగ్గర

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపుల సముదాయం) వెళ్లినా, మీ ఊళ్లో షాపుకెళ్లినా, ఒకే దగ్గర ధర అడిగి కొనేయొద్దు, నాలుగు కౌంటర్లు తిరగండి, ఆన్‌లైన్ ధర ఫోన్‌లో చూపించి అడగండి. కొన్నాక డబ్బా అక్కడే విప్పించండి. ఏఎం5, ఇంటెల్ బోర్డుల్లో పిన్నులు ప్రాసెసర్‌కి కాదు, బోర్డు సాకెట్‌లో ఉంటాయి, వెంట్రుకంత సన్నగా. ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. ఒక్కో వరసలో పిన్నులన్నీ ఒకేలా మెరవాలి. ఎక్కడన్నా ఒక పిన్ను మెరుపు వేరుగా కనిపిస్తే, వరసలో చిన్న ఖాళీలా ఉంటే, ఆ పీస్ వద్దనండి. ఇంటికెళ్లాక చూపిస్తే అది మీరే వంచారంటారు, వంగిన పిన్నులకి వారంటీ వర్తించదు. సాకెట్ మీదుండే నల్ల ప్లాస్టిక్ మూత పారేయొద్దు, రేపు వారంటీకి పంపాలంటే అది పెట్టే పంపాలి.

జీఎస్టీ బిల్లు తీసుకోండి, దాని మీద సీరియల్ నంబర్ రాయించండి, అది డబ్బా మీదా బోర్డు మీదా ఒకటేనా చూడండి. బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తానంటే వద్దు. పెద్ద కంపెనీల బోర్డులకి మన దగ్గర మామూలుగా మూడేళ్ల వారంటీ ఉంటుంది, కానీ సర్వీస్ సెంటర్ మీ జిల్లాలో ఉందా, కొరియర్ చేయాలా అన్నది కొనే రోజే అడగండి.

బిగించాక

ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది, స్క్రీన్ మీద ఏమీ రాదు. టెన్షన్ పడి స్విచ్ ఆపేయొద్దు, పది నిమిషాలు వదిలేయండి. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి. పేరులో ఎఫ్ ఉన్న 12400ఎఫ్, 7500ఎఫ్, అలాగే 5600 కూడా, వీటికి లోపల గ్రాఫిక్స్ లేదు కాబట్టి బోర్డు మీది హెచ్‌డీఎంఐలో పెడితే ఏమీ కనిపించదు.

డిస్‌ప్లే వచ్చాక బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో లేదా (ఇంటెల్ అయితే) ఎక్స్ఎంపీ ఆన్ చేయండి. చేయకపోతే 6000 అని కొన్న డీడీఆర్5 చాలాసార్లు 4800 దగ్గరే నడుస్తూ ఉంటుంది, ఏళ్ల తరబడి ఇలా వాడుతున్నవాళ్లు ఎందరో. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే స్పీడ్ కనిపిస్తుంది. ఆ అంకె మీ ర్యామ్ డబ్బా మీది అంకెతో సరిపోయాకే గేములు ఎక్కించుకోండి.